కొబ్బరి డొక్క ఎవరిది? కోనసీమ పీచు పరిశ్రమలో పేటల వాటా

అమలాపురం నుంచి అంబాజీపేట వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన కొబ్బరి డొక్కల గుట్టలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ డొక్కకు ధర లేదు. కాయ ఒలిచాక తోటలో మిగిలిపోయేది. పేటల్లో ఆడవాళ్లు గంపల్లో తెచ్చుకుని ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు ఆ డొక్క లారీలెక్కి పీచు మిల్లుకు పోతోంది. అక్కడి నుంచి పీచు పరుపుల కంపెనీలకూ, పొట్టు ఇటుకలై విదేశీ గ్రీన్‌హౌస్‌లకూ వెళ్తోంది. ప్లాస్టిక్‌కు బదులుగా, నేలలో కలిసిపోయే సరుకుగా ప్రపంచమంతా దీన్ని మెచ్చుకుంటోంది. ప్రకృతి ఆధారిత పరిశ్రమలకు ఉదాహరణ చెప్పమంటే ప్రభుత్వ అధికారులు ముందుగా చెప్పేది కొబ్బరి పీచునే.

ఒక పరిశ్రమ నిలకడగా ఉందా లేదా అన్నది చెట్టును చూసి మాత్రమే తేల్చలేం. చెట్టెక్కేవాడు, కాయ ఒలిచేవాడు, పీచు ఎండబోసే ఆడమనిషి కూడా ఆ లెక్కలోకి రావాలి. కోనసీమలో ఈ పనుల్లో పెద్ద భాగం చేసేది దళితులు, గీత వృత్తి నుంచి వచ్చిన శెట్టిబలిజలు, ఇతర వెనుకబడిన కులాలవాళ్లు. తోటలు ఎక్కువగా ఉన్నది వేరేవాళ్ల చేతుల్లో.

చెట్టు నుంచి బేలు దాకా

గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ రెంటి మధ్య, సముద్రం అంచు దాకా ఉన్న నేల కోనసీమ. వైనతేయ పాయ దీన్ని మళ్లీ రెండు చేస్తుంది. 1852 నాటికి కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలొచ్చి పల్లంలో వరి, మెరకలో కొబ్బరి స్థిరపడ్డాయి. ఇక్కడి కొబ్బరిలో ఎక్కువ భాగం పొడుగు రకం. అందువల్ల దింపు పని అందరికీ చేతకాదు.

సుమారు నెలన్నర, రెండు నెలలకోసారి దింపు జరుగుతుంది. దింపు కార్మికుడు చెట్టెక్కి గెల కోస్తాడు, ఎండిన మట్టలు లాగేస్తాడు. కాయలు మోసేవాళ్లు రాశి పోస్తారు. తర్వాత వలుపు కార్మికులు నేలలో పాతిన ఇనుప గునపం మీద కాయను గుచ్చి మూడు నాలుగు పట్లలో డొక్క ఊడదీస్తారు. కూలి సాధారణంగా లెక్క మీద ఉంటుంది: చెట్టుకింత, వెయ్యి కాయలకింత. పచ్చికాయగా అమ్మేది అమ్మి, మిగిలింది అటకల మీద నెలల తరబడి నిల్వచేసి కురిడీ చేస్తారు. కురిడీలో గండేరా, గటగట అని రకాలున్నాయి. వాటి ధరలు అంబాజీపేట మార్కెట్‌లో నిర్ణయమవుతాయి. కాయ ధర గురించి రైతు సంఘాలు మాట్లాడతాయి, పత్రికలు రాస్తాయి. కేంద్రం ఏటా ఎండు కొబ్బరికి మద్దతు ధర ప్రకటిస్తుంది. 2025 సీజన్‌కు మిల్లింగ్ కొబ్బరికి క్వింటాలుకు 11,582 రూపాయలు, బంతి కొబ్బరికి 12,100 రూపాయలు. దింపు కూలికి, వలుపు కూలికి అలాంటి ప్రకటన ఎప్పుడూ ఉండదు. ఊళ్లో రైతులూ కార్మికులూ కూర్చుని తేల్చుకున్నదే రేటు. కార్మికులు గట్టిగా అడిగిన చోట పెరుగుతుంది, లేని చోట పాతదే నడుస్తుంది.

డొక్క మిల్లుకు చేరాక యంత్రం దాన్ని చితక్కొట్టి పీచు, పొట్టు వేరు చేస్తుంది. డొక్క బరువులో ఇంచుమించు మూడో వంతు పీచు, మిగతా రెండు వంతులు పొట్టు. పీచును ఎండబోసి, దులిపి, బేళ్లు కడతారు. కేరళలో పచ్చి డొక్కను నెలల తరబడి కాయల్లో నానబెట్టి తెల్ల పీచు తీసే పద్ధతి పాతది. మన దగ్గర ఎక్కువగా తయారయ్యేది యంత్రం తీసిన గోధుమ రంగు పీచు. ఇందులో కొంత తాళ్లుగా మారుతుంది, మిగిలింది ముడి పీచుగానే బయటికి పోతుంది.

ముడి పీచుగా పోవడమే అసలు నష్టం. తాడు పేనడం, చాప నేయడం, వల అల్లడం, పొట్టును కడిగి ఇటుకలుగా నొక్కడం వంటి పనుల్లో కూలి రోజులు ఎక్కువ, విలువ కూడా ఎక్కువ. బేలు కట్టి పంపేస్తే ఆ రోజులన్నీ ఇంకో ఊరివాళ్లకు దక్కుతాయి.

ఇంకో పని ఎవరి లెక్కలోకీ రాదు. ఎండు మట్టల నుంచి ఆకు గీసి ఈనెలు తీసి చీపుర్లు కట్టడం. ఇంటి అరుగు మీద కూర్చుని ఆడవాళ్లు చేసే పని ఇది. కోనసీమ చీపుళ్లు దూర పట్టణాలకు కూడా వెళ్తాయి. కానీ ఈనె తీసిన మనిషికి కార్మికురాలన్న గుర్తింపు కూడా ఉండదు. ఇంటి పనుల మధ్య చేసుకునేదనుకుని వదిలేస్తారు.

సెంటున్నరలో పీచు ఎక్కడ ఎండబోయాలి

పీచు పరిశ్రమ పెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు, పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేదు. అయినా పీచు మిల్లు యజమానుల్లో దళితులు అరుదు. బ్యాంకు రుణం దొరకకపోవడం ఒక కారణం. అంతకంటే పెద్దది నేల. డొక్క గుట్ట పోయడానికి, పీచు ఎండబోయడానికి, పొట్టు పోసుకోవడానికి కల్లం లాంటి ఖాళీ జాగా కావాలి. గత ప్రభుత్వ హయాంలో పల్లెల్లో ఇంటి స్థలం కింద ఇచ్చింది సెంటున్నర. అందులో ఇల్లు కట్టుకున్నాక మంచం వేసుకునే చోటు మిగిలితే గొప్ప.

దళితులకు భూమి దక్కిన చోట్ల అది ఎక్కువగా లంక భూమి లేదా అసైన్డ్ భూమి. లంక అంటే గోదావరి పెట్టే నేల, గోదావరే కోసుకుపోయే నేల. ఒక వరదలో ఎకరాలు కరిగిపోతాయి, పట్టా మాత్రం చేతిలో ఉంటుంది. అసైన్డ్ భూముల అన్యాక్రాంతాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023లో దాన్ని సవరించి 20 ఏళ్లు దాటిన అసలు లబ్ధిదారులకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. హక్కు వచ్చిందని సంబరపడినవాళ్లున్నారు. తీరం వెంబడి చెరువుల కోసం నేల వెతుకుతున్నవాళ్లు కూడా ఆ సవరణను జాగ్రత్తగానే చదివి ఉంటారు.

తోట కౌలుకు తీసుకుందామన్నా చిక్కే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూ యజమాని సంతకం కావాలి. సంతకం లేకపోతే పంట రుణం లేదు, నష్టపరిహారం లేదు. నోటిమాట మీద కౌలు చేసే మనిషికి ఆ సంతకం ఎంత దూరమో ఇక్కడివాళ్లకు వివరించనక్కర్లేదు.

1996 నవంబరు 6 తుపాను ఈ అసమానతను బయటపెట్టింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. తోటలకు తోటలు నేలకొరిగాయి. అలాంటప్పుడు పరిహారం చెట్టు లెక్కన, భూమి పేరున లెక్కగడతారు. పొడుగు రకం మొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అన్నేళ్లూ దింపు పని, మోత పని, వలుపు పని ఉండవు. ఆ నష్టం ఏ రిజిస్టర్‌లోనూ లేదు, ఎందుకంటే కూలివాడి పేరున చెట్టు లేదు. 2011లో కోనసీమ రైతులు సాగు విరామం ప్రకటించినప్పుడు కూడా ఇంతే. ధర కోసం రైతు చేసిన నిరసన దేశమంతా చర్చకు వచ్చింది. నాట్లూ కోతలూ పోయిన కూలి కుటుంబాల మాట ఆ చర్చలో చివరి వరుసలో ఉండిపోయింది.

కోనసీమ పేటల నుంచి ఆడవాళ్లు కువైట్, మస్కట్, బహ్రెయిన్‌లకు ఇంటిపనికి వెళ్లడం దశాబ్దాలుగా నడుస్తోంది. రాజోలు వైపు ఊళ్లలో ఇది మామూలు సంగతి. పచ్చటి కోనసీమ అని సినిమాల్లో చూపించే నేల, తన ఆడపిల్లలకు ఏడాది పొడవునా కూలి చూపించలేకపోవడం వల్లే ఈ వలస. పీచు పరిశ్రమను ఈ వలసకు జవాబుగా చూడాలి. అందుకు కావాల్సిన ముడిసరుకు ఇక్కడే ఉంది.

మిల్లులో చట్టం ఎంత దూరం వస్తుంది

పీచు మిల్లులు చాలావరకు చిన్నవి. కరెంటుతో నడిచే చోట కనీసం పది మంది ఉంటేనే పాత ఫ్యాక్టరీల చట్టం వర్తించేది. కొత్త వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. ఈఎస్ఐకి 10 మంది, పీఎఫ్‌కు 20 మంది ఉండాలి. దీంతో చాలా మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఈ గీతలకు అవతలే ఉండిపోతారు. దుమ్ము గాలిలో రోజంతా ఉండాలి. డొక్క మేసే యంత్రం నోటి దగ్గర చేతులు పెట్టాలి. ఎండు పీచు గుట్టకు నిప్పంటుకుంటే ఆర్పడం కష్టం.

కనీస వేతనం సంగతి వేరు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో ఒక్క అంశం మాత్రం కార్మికులకు పనికొచ్చేది. కనీస వేతనం ఇప్పుడు కొన్ని జాబితా పనులకే కాదు, అన్ని పనులకూ వర్తిస్తుంది. ముక్క లెక్కన చేసే పనికి కూడా, రోజు కనీస వేతనం ఖరారై ఉన్న చోట, దానికి తగ్గకుండా ఇవ్వాలి. అంటే వెయ్యి కాయలు ఒలిచినందుకు ఇచ్చే డబ్బును రోజు పనిగా లెక్కగట్టి చూసే అధికారం కార్మిక శాఖకు ఉంది. మిగతా కోడ్‌లు సంఘాలను బలహీనపరిచాయన్న విమర్శ నిజమే. ఈ సెక్షన్‌ను మాత్రం వాడుకోవచ్చు.

చెట్టు మీద నుంచి పడిపోవడం ఈ వృత్తిలో ఎప్పుడూ ఉన్న భయం. వెన్ను విరిగితే బతికినా మంచమే. కొబ్బరి అభివృద్ధి బోర్డు దింపు కార్మికుల కోసం ‘కేర సురక్ష’ అనే ప్రమాద బీమా నడుపుతోంది. 2011 నుంచి ‘కొబ్బరి చెట్టు నేస్తాలు’ పేరుతో యంత్రంతో చెట్టెక్కడంలో శిక్షణ కూడా ఇస్తోంది. కేరళలో వీటి పేరు ఊరూరా తెలుసు. కోనసీమ పేటల్లో ఎంతమందికి తెలుసో మీ ఊళ్లో ఒకసారి అడిగి చూడండి.

కూలి పెంచమని అడిగినందుకు పేట మొత్తాన్ని పనికి పిలవకుండా ఆపేయడం పాత ఆయుధం. 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఆర్థిక బహిష్కరణ కూడా నేరం. పనికి పిలవకపోవడం, వ్యాపారం చేయకపోవడం, అలా చేస్తామని బెదిరించడం దీని కిందికి వస్తాయి. 2022 మే 24న, జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టవద్దంటూ అమలాపురంలో మంత్రి ఇంటికి, ఎమ్మెల్యే ఇంటికి నిప్పుపెట్టిన రోజు తర్వాత ఈ సెక్షన్ ఎందుకు అవసరమో వేరే చెప్పక్కర్లేదు. పేరు చివరికి నిలిచింది. అమలాపురం పార్లమెంటు స్థానం, అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీ స్థానాలు ఎస్సీలకు రిజర్వు. సీట్లలో ఇంత ప్రాతినిధ్యం ఉన్న ప్రాంతంలో మిల్లులో, మార్కెట్‌లో అదెందుకు లేదన్నది అడగాల్సిన ప్రశ్న.

పొట్టు, నీళ్లు, ఉప్పు

పీచును పచ్చని పరిశ్రమ అనేవాళ్లు పొట్టు గురించి తక్కువ మాట్లాడతారు. గుట్టగా వదిలేసిన పొట్టు మీద వాన పడితే ఎర్రటి నీరు దిగుతుంది. అందులో టానిన్లు, ఫినాల్ పదార్థాలు ఉంటాయి. ఆ నీరు చేరిన బోదెలో చేపలు నిలవవు. పొట్టును మొక్కల పెంపకానికి ఎగుమతి చేయాలంటే దానిలోని ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడగాలి. తమిళనాడులో పొల్లాచి చుట్టుపక్కల ఇదే గొడవ అయింది. బావుల్లో నీరు చెడిందని ఊళ్లు ఫిర్యాదు చేశాక, 2021లో అక్కడి కాలుష్య నియంత్రణ మండలి పొట్టు యూనిట్లను కాలుష్యం లేని తెలుపు వర్గం నుంచి నారింజ వర్గానికి మార్చింది.

కోనసీమకు ఈ హెచ్చరిక ఇంకా దగ్గరది. ఇక్కడ మంచినీరు పైపొరలోనే ఉంటుంది, కింద ఉప్పునీరు. పేటలు తరచూ ఊరి పల్లపు చివర, డ్రెయిన్ పక్కన ఉంటాయి. పైన కడిగిన నీళ్లు ముందు చేరేది అక్కడికే. పొట్టు యూనిట్ పెడతామని ఎవరొచ్చినా, కడిగిన నీరు ఎటు వెళ్తుందో గ్రామసభలో చెప్పించాలి. పొట్టును పుట్టగొడుగుల శిలీంధ్రంతో కుళ్లబెట్టి ఎరువు చేసే పద్ధతిని కాయర్ బోర్డు ఎప్పుడో ప్రచారంలోకి తెచ్చింది. పెద్ద ఖర్చు లేని పని అది, మహిళా సంఘాలు చేసుకోగలిగినది.

ఇక చెట్టు మాటకొస్తే, అది కూడా క్షేమంగా లేదు. 2016లో దేశంలోకి వచ్చిన సర్పిలాకార తెల్లదోమ ఆకుల్ని నల్లగా మార్చేసింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మిత్రపురుగులను, శిలీంధ్రాన్ని పెంచి దీన్ని అదుపు చేసే పని చేస్తోంది. పురుగును అలా అదుపు చేయొచ్చు. ఉప్పును ఆపడం అంత సులువు కాదు. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ గుండా సముద్రపు నీరు ఎగదన్ని కేశనపల్లి, చుట్టుపక్కల ఊళ్లలో కొబ్బరి చెట్లు మోడులయ్యాయి. తీర మండలాల్లో వరి చేలు రొయ్యల చెరువులుగా మారాయి. చెరువు గట్టు పక్కన కొబ్బరి బతకడం కష్టం. వరి ఎకరం ఇచ్చినన్ని కూలి రోజులు చెరువు ఎకరం ఇవ్వదు. పైగా నాట్లేసిన ఆడవాళ్లకు చెరువు మీద పని దాదాపు లేదు.

ఈ విషయం సుప్రీంకోర్టుకు 1996 డిసెంబరు 11నే తెలుసు. జగన్నాథన్ కేసు తీర్పులో వ్యవసాయ భూములను, ఉప్పు మడులను, మడ అడవులను, ఊరుమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చవద్దని చెప్పింది. పనిపోయే కార్మికులకు ఆరేళ్ల వేతనం అదనపు పరిహారంగా ఇవ్వాలంది. ఆ కేసు వేసినవారు తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్. ఆయన జీవితమంతా దళిత కూలీలకు భూమి ఇప్పించడం కోసం పనిచేశారు. 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి ఆ తీర్పు కొరుకు తగ్గించారు.

నేల కింది గ్యాస్ కథ ఇంకొకటి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు మాడిపోయాయి. గ్యాస్ ఇంకెక్కడో వెలుగులిచ్చింది.

కేరళ నుంచి ఏం తెచ్చుకోవాలి

1859లో జేమ్స్ డారా అలప్పుళలో కాయర్ ఫ్యాక్టరీ పెట్టాడు. 1922లో అక్కడి కార్మికులు సంఘం కట్టుకున్నారు. 1938లో సార్వత్రిక సమ్మె చేశారు. పీచు కొట్టిన, తాడు పేనిన ఆడవాళ్లు అట్టడుగు కులాలవాళ్లే. వాళ్ల పోరాటం వల్ల సహకార సంఘాలు వచ్చాయి, 1987లో కాయర్ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది, పింఛను వచ్చింది. డొక్కలు నానబెట్టి అక్కడి కాయలు కుళ్లిపోయిన మాట నిజం. ఆ పరిశ్రమ తర్వాత తమిళనాడు యంత్రాల ముందు తేలిపోయిన మాట కూడా నిజం. కాబట్టి ఆ పద్ధతి మొత్తాన్ని తెచ్చుకోలేం. సంఘం, నిధి, పింఛను తెచ్చుకోవచ్చు.

పథకాల కొరత లేదు. కాయర్ బోర్డుకు రాజమహేంద్రవరంలో కార్యాలయం ఉంది. మహిళా కాయర్ యోజన కింద రెండు నెలల శిక్షణ, నెలకు 3,000 రూపాయల స్టైపెండ్, తర్వాత మోటారు రాట్నానికి రాయితీ ఇస్తారు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో గ్రామీణ ఎస్సీ యువతకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం రాయితీ, సొంత వాటా 5 శాతమే. చిన్న పరిశ్రమలకు నిర్ణీత పరిమితి దాకా రుణానికి తాకట్టు అడగకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకు మేనేజరు అడిగితే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమనండి. 2013 నాటి ఎస్సీ ఉప ప్రణాళిక చట్టాన్ని 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. ఆ నిధులతో ప్రతి మండలంలో దళిత మహిళా సంఘాలకు ఉమ్మడి ఎండబెట్టే కల్లం, షెడ్డు, రాట్నాలు ఏర్పాటు చేయమని అడగొచ్చు. విడివిడిగా సెంటున్నర ఉన్నవాళ్లకు ఉమ్మడిగా ఎకరం కావాలి. పంచాయతీ బంజరు ఉన్న చోట అది అసాధ్యమేమీ కాదు.

కొనేవాడు కూడా కావాలి. కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలన్నది 2012 విధానం. కొబ్బరి పీచు వలను మట్టి కోతను ఆపడానికి, రోడ్డు పునాదిలో పరచడానికి వాడతారు. దీన్నే జియో టెక్స్‌టైల్ అంటారు. 2020 జూన్‌లో కేంద్రం గ్రామీణ సడక్ యోజన మూడో దశలో ఏడు రాష్ట్రాల్లో 1,674 కిలోమీటర్ల రోడ్లకు ఈ వలలు వాడాలని నిర్ణయించింది. అందులో ఆంధ్రప్రదేశ్ వంతు 164 కిలోమీటర్లు, తెలంగాణ వంతు 121. ఈ వలలు నేసే మగ్గాలు ఎక్కువగా కేరళలో ఉన్నాయి. మన లంకల గట్లు ఏటా కోసుకుపోతున్నాయి. వాటి మీద పరచడానికి కావాల్సిన పీచు పక్క ఊళ్లోనే బేళ్లు కట్టి లారీలెక్కుతోంది. 164 కిలోమీటర్లలో ఎంత పూర్తయింది, వల ఎక్కడ నేశారు, కోనసీమలో ఒక్క మగ్గమైనా ఆ ఆర్డర్‌తో నడిచిందా అని పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి ఖర్చు పది రూపాయలు.